ఎలుగుబంటి వీపు

షారోన్ ఆ రోజు మూడోసారి నా దుకాణం మెట్లెక్కేసరికి నాకు తిక్క రేగింది. అప్పటికే రెండు బ్రష్ పెన్నులు మార్చి ఇచ్చాను. మరిపెడలో ఆ పెన్నులు కొనేది ఆమె ఒక్కతే. మొన కుంచెలా మెత్తగా ఉంటుంది, నొక్కితే గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది.

"సేటు, గిది గూడ డూప్లికేటే. గీత నడుమల తెగుతాంది," అని పెన్నును గల్లాపెట్టె మీద పడేసింది.

మూడు తరాల దుకాణం మాది. ఈ మంగీలాల్ నకిలీ సరుకు అమ్ముతాడని ఇంతవరకు ఎవరూ అనలేదు. పొట్లం కాగితం మీద ఒక గీత గీసి చూపించాను. ఎక్కడా తెగలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నదట నీలాంటిదే," అన్నాను.

అనకుండా ఉండాల్సింది. నా దుకాణం బోర్డు రాసింది వాళ్ల నాయిన రాజయ్య. ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచెలను అటకెక్కించాయి. ఆ పనితనం బిడ్డకు వచ్చింది. ఆరేళ్లుగా ఒక పిల్లల మాసపత్రికకు కుందేళ్లు, నక్కలు, కోతులు గీస్తోంది. ముందు పెన్సిల్, ఆ పైన సిరా. అంతా చేత్తోనే.

"రేపు పొద్దటి బస్సుకు ఎలుగుబంటి కథ పంపకుంటే వచ్చే నెలసంది కంప్యూటర్ల గీసేటోళ్లకు ఇస్తరట," అంది. ఎనిమిది పేజీల్లో ఏడు పోయిన వారమే పూర్తయ్యాయి. మిగిలింది ఆఖరిది. ఎలుగుబంటి అలిగి వెనక్కి తిరిగి కూర్చునే పేజీ, కాగితం నిండా దాని వీపే.

చుట్టి తెచ్చిన బొమ్మ విప్పింది. వీపు మీద సిరా పట్టక చుక్కలుగా విడిపోయి ఉంది. వెలుతురుకు ఎత్తి చూశాను. అక్కడక్కడా బజ్జీలు కట్టిన కాగితంలా మచ్చలు.

"చేతికేం రాసుకున్నవ్ బిడ్డా?"

షారోన్ తన అరచెయ్యి చూసుకుంది. వాళ్లమ్మ సరోజ సోమవారం నుంచి ఇంట్లో మిరపకాయల తొడిమలు తీసే పని పట్టింది. పొద్దున పూట షారోన్ కూడా కూర్చుంటుంది. బొమ్మ వేయడానికి లేచినప్పుడల్లా, మంట చల్లారడానికి సరోజ బిడ్డ చేతులకు కొబ్బరినూనె రాస్తుంది. మా దగ్గర అందరూ చేసేదే.

"కడుక్కునే కూసున్న గదా, అయినా జిడ్డు పోలే," అని నెత్తి పట్టుకుంది. "నీ తప్పైతే నిన్ను తిట్టి ఊకుందును. కన్న అవ్వనెట్ల తిట్టాలె?"

దుకాణంలో మందపు కాగితం ఒక్కటే మిగిలింది. అది ఇచ్చి పంపాను. కానీ నేనన్న మాట నన్నే పొడుస్తుంటే, సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

తిట్టనే తిట్టినట్టుంది. తల్లీబిడ్డలకు మాటల్లేవు. గది నిండా మిరప ఘాటు. ఫ్యాన్ ఆపితే కూర్చోలేరు, తిరిగితే కాగితం లేస్తోంది. సరోజ బల్ల పక్కన నిలబడి రెండు చేతులతో కాగితం అంచులు నొక్కి పట్టుకుంది. బిడ్డ వంతు తొడిమలు కూడా ఆమే తీసినట్టుంది, వేళ్లు కందిపోయి ఉన్నాయి.

"నువ్వైనా నూనె రాసుకోవాల్సింది అక్కా," అన్నాను.

"కాగితం పట్టాలె గదా సేటు," అంది తలెత్తకుండా.

షారోన్ పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. మెడ నుంచి నడుం దాకా వీపు గీత తెగకుండా దిగింది. తర్వాత ఒక్కొక్క వెంట్రుకా గీసి, పెన్ను మూసి లేచింది. నూనె సీసా తెచ్చి వాళ్లమ్మ చేతులు లాక్కుంది.

"మంటైతాందని చెప్పరాదా," అని కసురుకుంటూనే రాసింది. ఏడుస్తోంది కూడా.

నేను చేతులు పంచెకు గట్టిగా తుడుచుకుని, తడి ఆరని ఎలుగుబంటిని అంచులతో పట్టుకుని నిలబడ్డాను.