లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత

పాలిస్టర్ రెజిన్ ఫ్యాక్టరీలో అతణ్ని అందరూ గీకుడు మామ అనేవారు. రెజిన్ ఉడికే పెద్ద కెటిల్ ఖాళీ అయ్యాక గోడలకు అంటిన జిగురు రాయిలా బిగుసుకుపోతుంది. నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగి, ఉలితో దాన్ని గీకి తీయడం అతని పని. అతని కింద మరో నలుగురు. ఎంత రుద్దుకున్నా ఒంటి నుంచి ఆ ఘాటు వదిలేది కాదు. "సెంటు కొనే పని తప్పిందిలే" అని నవ్వేవాడు. నవ్వు దగ్గులోకి దిగేది.

ఆ పని చేస్తూనే తండ్రిలేని మేనకోడల్ని కెమిస్ట్రీ చదివించాడు. ఆమె అదే ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరింది. ఒకరోజు సొమ్మసిల్లిన మామయ్యను కెటిల్‌లోంచి పైకి లాగడం కళ్లారా చూసింది. ఇక ఆయన అందులోకి దిగకూడదని పట్టుబట్టింది.

అంతవరకూ ఏ ఆర్డరు ముందొస్తే ఆ రెజిన్ ఉడికించేవారు. ముదురు రంగు తర్వాత లేత రంగు చేయాలంటే పాత రంగు కలవకుండా కెటిల్‌ని అద్దంలా గీకాలి. ఆమె వరస మార్చింది. ముందు లేతవి, తర్వాత ముదురువి. బ్యాచ్ దించగానే, గోడలు ఆరకముందే జిగురును కరిగించే సాల్వెంట్‌తో కడిగెయ్యాలి. ఇక గీకే పనే లేదు. కెటిల్ ఊరికే పడుండడం తగ్గింది, బ్యాచ్‌లు పెరిగాయి. మేనేజరు ఆమెకు చప్పట్లు కొట్టించాడు. అందరికంటే గట్టిగా కొట్టింది మామయ్యే.

కొద్ది రోజులకే గీకేవాళ్లందరినీ పనిలోంచి తీసేశారు.

"వాళ్లకి వేరే పని ఇస్తామన్నారు కదా సార్!" అందామె మేనేజరుతో.

"చూద్దామన్నాను. అయినా వాళ్లకి పని లేకుండా చేసింది నువ్వేగా అమ్మా?"

ఇంటికొచ్చి మామయ్య ఎదుట నిలబడింది. "నీకోసమే చేశాను మామయ్యా."

"తెలుసు తల్లీ. నా నోట్లో మట్టి కొట్టాలని చేస్తావా? కానీ ఆ నలుగురి పెళ్లాలకి ఏం చెప్పను? మా పిల్ల మనసు మంచిదని చెప్పనా?"

ఊరి చివర రేకుల షెడ్డులో ఒక చిన్న రెజిన్ కంపెనీ ఉంది. అక్కడ నడుముకు తాడు లేదు, ముక్కుకు మాస్కు లేదు. ఆ నలుగుర్నీ వెంటబెట్టుకుని మామయ్య అక్కడ అదే గీకుడు పనిలో చేరాడు. మానెయ్యమని ఆమె కాళ్లావేళ్లా పడింది. వినలేదు.

ఆ షెడ్డు యజమాని ఆమె సంగతి విని కబురు పంపాడు: ఆ వరసేదో తమకీ నేర్పమని. నేర్పితే ఆ ఐదుగురి పనీ మళ్లీ పోతుందని ఆమె వెళ్లలేదు.

మామయ్య ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు. ఆమె పక్కన కూర్చుంటే, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడుగుతాడు. ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపిస్తుంది.