వెనక్కి నడవని కారు

మా కారు కొన్నరోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు చక్రాల కిందవి చితికాయి. వెనక చక్రాల కిందవి మాత్రం, కారు మీదెక్కి అవతలికి దిగినా చెక్కుచెదరలేదు. అంత తేలిక కారు మాది. సాయంత్రం ఆ నిమ్మకాయలతోనే పులిహోర కలిపారని కూడా నేను చెప్తుంటాను. ఇందులో సగం నిజం. ఏ సగమో ఇన్నేళ్ళ తర్వాత నాకూ గుర్తులేదు.

నలుగురు హాయిగా కూర్చోవచ్చని షోరూంలో చెప్పారు. ఆ నలుగురి మధ్యా మాటలుండాలని మాత్రం చెప్పలేదు. వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే ఒకరు ఊపిరి పీల్చేటప్పుడు రెండోవారు వదలాలి. ఎడమపక్క వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. అద్దం తిప్పి దించి, చెయ్యి బయటకి చాపి, దొంగ ఇంట్లోంచి బయటపడ్డట్టు తెరుచుకోవాలి. పెట్రోలు ముల్లుది రాజకీయ నాయకుడి స్వభావం. సగముందని చెప్తూ చెప్తూనే హఠాత్తుగా ఏమీ లేదంటుంది. ముందు సీట్లో కాస్త బరువైన సంచి పెడితే చాలు, మనిషనుకుని బెల్టు పెట్టమని గోల చేస్తుంది. ఒకసారి రైతుబజారు నుంచి గుమ్మడికాయకి బెల్టు పెట్టి తీసుకొచ్చాను. దారిలో కానిస్టేబుల్ దాన్ని మెచ్చుకుని నన్ను ఆపాడు. నేను బెల్టు పెట్టుకోలేదు మరి.

అన్నిటికన్నా పెద్ద తంతు దుర్గమ్మ ఫ్లైఓవరుది. మేముండేది బెజవాడ భవానీపురంలో. ఊళ్ళోకి వెళ్ళాలంటే అది ఎక్కాలి. ఏసీ వేసుకుని ఎక్కామా, కారు ఆయాసపడుతుంది, పక్కన మోపెడ్ మీద అరటిగెలలు కట్టుకుని పోయేవాడు జాలిగా చూసి దాటిపోతాడు. అందుకని ఎత్తు మొదలయ్యేచోట ఏసీ కట్టేయడం మా ఆవిడ డ్యూటీ. మాటల్లో ఉన్నా, ఫోన్లో ఉన్నా, ఆ చోటు రాగానే చెయ్యి దానంతటది మీట మీదికి వెళ్తుంది. కిందికి దిగేటప్పుడు మళ్ళీ వేస్తుంది.

ఇక వెనక ఉన్న సొట్ట. అది కంకిపాడులో ఒక గేదె వీపు గోక్కోవడం వల్ల పడిందని నేను ఊరందరికీ చెప్పాను. అసలు సంగతి మా అపార్ట్‌మెంట్ పిల్లరుకి తెలుసు.

ఆ పిల్లరు వ్యవహారం వెనక మా అత్తగారింటి పట్టింపు ఒకటుంది. వాళ్ళది పెడనలో మగ్గాల ఇల్లు. చీరలు తీసుకుని అమ్మకానికి బయల్దేరేటప్పుడు బండి ముందుకే కదలాలి, ఒక్క అడుగు కూడా వెనక్కి జరగకూడదని మా ఆవిడ వాళ్ళ నాన్నగారు సైకిలు నాడే నిర్ణయించారు. ఆయన సైకిలు రాత్రిళ్ళు వీధివైపు చూస్తూ నిలబడేది. ఆ ఆచారం సైకిలు దిగి మా కారెక్కింది. రోజూ సాయంత్రం నేను కారుని పిల్లరుకీ మోటారు గదికీ మధ్యలో వెనక్కి దూర్చి పెట్టాలి, పొద్దున తిన్నగా ముందుకు పోయేలా. మా ఆవిడ వెనక నిలబడి "రండి, రండి, రండి" అంటుంది. "ఆగండి" అనే మాటా, పిల్లరు చప్పుడూ ఒకేసారి వినిపిస్తాయి.

మా ఆవిడకి లైసెన్సు ఉంది. బీరువాలో పట్టుచీరల కింద ఎప్పట్నుంచో ఉంది. ఆదివారాలు తెల్లారగట్ల ఏటిగట్టు రోడ్డు మీద నేను పక్కన కూర్చుని నడిపించేవాణ్ణి. చక్కగా నడిపేది, ముందుకి. వెనక్కి మాత్రం నేర్చుకోలేదు. నేర్చుకోవాల్సిన అవసరమే రాకుండా రోజూ సాయంత్రం నేను పెట్టేస్తున్నానుగా.

తన వ్యాపారం కూడా నా ఆదివారాల మీదే నడిచేది. అన్నలు నేసిన చీరలు పెడన నుంచి తెచ్చి, తెలిసినవాళ్ళకి చూపించి అమ్మేది. నాకు సెలవుంటే బేరం, లేకపోతే లేదు. అలాంటిది మొన్న వేసవిలో హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పెళ్ళివారు కబురు పెట్టారు. చుట్టాలందరికీ పెళ్ళిలో పెట్టడానికి పెట్టుబడి చీరలు కావాలట. ఫలానా రోజు పొద్దున తెచ్చి చూపిస్తే చూస్తామన్నారు. మధ్యాహ్నం వాళ్ళంతా వ్యాను కట్టించుకుని బెజవాడ పెద్ద షాపులకి పోతున్నారు, ఆ లోపు రావాలన్నారు. ఈ ఒక్క బేరం కుదిరితే వానాకాలమంతా అన్నల మగ్గాలు ఆగవని తను లెక్క వేసుకుంది. ఆ రోజుకి నేను సెలవు పెట్టాను.

ముందురోజు టైర్లలో గాలి చూద్దామని కాలితో తన్నాను. మగాళ్ళందరూ అలాగే చూస్తారు. టైరు బాగానే ఉంది. నా ఎడమ చీలమండ గుమ్మడికాయంత అయింది, ఇందాకటి గుమ్మడికాయే. క్లచ్ తొక్కే కాలు. ముహూర్తాల రోజులు కావడంతో రోజు లెక్కన వచ్చే యాక్టింగ్ డ్రైవర్లెవరూ దొరకలేదు. ఆ రాత్రి మా ఆవిడ బీరువా తెరిచి పట్టుచీరల కింద చెయ్యి పెట్టింది.

పొద్దున్నే బయల్దేరాం, ముందుకి. చీరల మూటలు వెనక సీటు నిండా ఉన్నాయి, నేను కట్టు కట్టిన కాలితో పక్క సీట్లో ఉన్నాను. ఫ్లైఓవరు దగ్గర ఏసీ తనే కట్టింది. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సులు మీదమీదికి వస్తుంటే నేను లేని క్లచ్చూ, లేని బ్రేకూ తొక్కాను, ఉన్న నొప్పి పెరిగింది. గన్నవరం దాటాక నాకు ధైర్యం వచ్చి ఓ కథ మొదలుపెట్టాను. మాట్లాడకుండా కూర్చోమంది. కూర్చున్నాను.

హనుమాన్ జంక్షన్ దాటి ఊళ్ళోకి తిరిగాం. పెళ్ళివారి ఇంటికి ఒకటే సందు. ఒక పక్క పంట కాలవ, ఇంకో పక్క ప్రహరీ గోడ. చివర్న వాళ్ళ వరండా, అందులో కుర్చీలో కూర్చున్న పెద్దావిడ కూడా కనిపిస్తున్నారు. సందులో సగం దూరం పోయామో లేదో ఎదురుగా గడ్డిమోపు ఒకటి ఆకాశమంత ఎత్తున కదిలొచ్చింది. దాని కింద ఎక్కడో ట్రాక్టరుంది.

ట్రాక్టరు ఆగింది. మేమూ ఆగాం. డ్రైవరు తలుపు దగ్గరికొచ్చి, తొట్టితో వెనక్కి పోవడం కుదరదని, మమ్మల్నే రోడ్డుదాకా వెనక్కి తీయమని మర్యాదగానే చెప్పాడు. మా ఆవిడ స్టీరింగు పట్టుకున్న పట్టు చూసి, "పోనీ దిగండమ్మా, నేను తీసిపెడతా" అన్నాడు.

తను దిగలేదు. అద్దంలో సందు మొత్తం సన్నగా, పొడుగ్గా కనిపిస్తోంది. బేరానికొచ్చి, గుమ్మం కనబడుతుండగా వెనక్కి తిరగడం. వాళ్ళ నాన్నగారుంటే చీరలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయేవారు. ఎదురుగా ఇంటి ముందు వ్యాను వచ్చి నిలబడి ఉంది. నాలాంటి వాడికి ఇలాంటప్పుడే ఒక కథ తట్టాలి. ఒక్కటీ తట్టలేదు.

అద్దంలోంచి కళ్ళు తిప్పకుండా తనే అంది, "ఏవండీ, మగ్గం మీద పోగు తీసుకుపోయే నాడె ఇటునుంచి అటు పోయి అక్కడే ఉండిపోతే ఏమవుద్ది?"

"ఏమవుద్ది?"

"ఏమీ అవదు. పోగు పోగులాగే ఉంటది. అటు పోయిన నాడె ఇటు తిరిగొస్తేనే చీర. పుట్టిందగ్గర్నుంచి చూస్తన్నా, మా నాన్నకి తట్టలా, నాకూ తట్టలా."

గేరు మార్చింది. కర్రుమని అరిచి పడింది.

"మీరు దిగి వెనక నిలబడండి. గుద్దాక కాదు, గుద్దకముందు చెప్పండి."

కుంటుకుంటూ దిగి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళూ తను నిలబడిన చోటు అది. అక్కణ్ణుంచి చూస్తే కారు మరీ అంత చిన్నదిగా లేదు. "రా, రా" అన్నాను. నిండు మజ్జిగ గిన్నె పట్టుకుని నడిచినట్టు కదిలింది. ఒకచోట చక్రం కాలవ వైపు జరిగింది. "ఆగు" అన్నాను, ముందుగానే. ఆగి, సరిచేసుకుని, మళ్ళీ కదిలింది. రోడ్డుదాకా వచ్చింది. ఎక్కడా తగల్లేదు.

ట్రాక్టరు మమ్మల్ని దాటుతూ కారు మీద కొంత గడ్డి వదిలిపోయింది. "బాగా తీశావమ్మా" అన్నాడతను. నన్ను చూసి, "మీరు కాలు చూసుకోండి బాబాయ్" అన్నాడు.

మళ్ళీ సందులోకి తిరిగి ఇంటి ముందు ఆగాం. వరండాలో పెద్దావిడ అంతా చూస్తూనే ఉన్నారు. పెళ్ళికూతురికి నాయనమ్మట. చీర పేరు ఎత్తకముందే కారు వెనక్కి వేలు చూపించారు.

"ఆ సొట్ట ఇందాకే పడిందా అమ్మాయ్?"

నేను నోరు తెరిచాను. మా ఆవిడ అప్పటికే మొదటి మూట విప్పుతోంది.

"అబ్బే, అది కంకిపాడు గేదెదండీ" అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను ఒక్క అబద్ధం ఆడగా నేను వినలేదు.

"గేదెకేం పనమ్మా కారుతో?"

"దూడ తప్పిపోయిందంటండీ దానికి. మా కారు చూశారుగా, ఎంతుందో. దూడే అనుకుంది. ముందు నాకింది. ఆనక ఇంటికి రమ్మని వెనకనుంచి నెట్టింది." అంటూనే మెంతిరంగు చీర ఒకటి మడత విప్పి పెద్దావిడ ఒళ్ళో పరిచింది. "ఈ అంచు చూడండి, మా పెద్దన్నయ్య నేసింది."

దూడ! ఇన్నేళ్ళుగా ఆ గేదెని ఊరూరా తిప్పుతున్నాను, దానికో దూడ ఉండొచ్చని నాకెప్పుడూ తోచలేదు. లోపల్నుంచి ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఒక్కొక్కరే వచ్చి చాప మీద కూర్చున్నారు. మూటలన్నీ విప్పుకున్నాయి. వ్యాను మధ్యాహ్నం బెజవాడ వెళ్ళింది గానీ, నగల కోసం వెళ్ళింది. చీరలకి కాదు. తెచ్చినవి దాదాపు అన్నీ ఉంచేసుకున్నారు. మగపెళ్ళివారికి కూడా కావాలని, వచ్చేవారం ఇంకొన్ని రంగులు తెమ్మని చెప్పి, నాకు మాత్రం కాలికి పసుపూ సున్నం కలిపి పట్టు వేయించారు.

తిరిగొచ్చాక సాయంత్రం మా ఆవిడ కారుని తిన్నగా, మూతి లోపలికుండేలా దూర్చి పెట్టేసింది. పొద్దున వెనక్కి తీయాల్సి వస్తుందని గుర్తుచేశాను.

"తీస్తా" అంది.

ఆ తర్వాతి వారం, మామూలు పనిరోజు. నేను ఆఫీసుకి తయారై, ఇంకా కొంచెం కుంటుతూనే కిందికి దిగాను. నా సీట్లో చీరల మూట కూర్చుని ఉంది, బెల్టు పెట్టుకుని. నాకు చోటు లేదు, నన్ను రమ్మన్నవాళ్ళూ లేరు. ఫ్లైఓవరు దగ్గర ఏసీ ఎవరు కడతారని అడిగాను.

"ఇన్నాళ్ళూ కట్టింది ఎవరి చెయ్యంట?" అంది.

నేను గేటు దగ్గర నిలబడి "రా, రా" అంటున్నాను. తను అద్దంలో నన్ను కాదు, నా వెనక దారిని చూస్తోంది. కారు వెనక్కి వచ్చింది, నన్ను దాటింది, రోడ్డెక్కి మలుపు తిరిగింది.