మైకులో అడగకూడని డబ్బు

మంగళవారం పొద్దున బస్సులో ఉండగా మా యజమాని ఫోన్ చేశారు. "అమ్మా, నెల్లూరు మేడమ్ పోయినారంట. నిద్రలోనేనంట" అన్నారు. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆ దుఃఖం వెనకే, ఆమె మంచి కబురు వినే పోయారన్న ఊరట కూడా కలిగింది. రాయడానికి బిడియంగా ఉన్నా అది నిజం. పోయిన వారమే ఆమె ఇంటికి వెళ్ళి, కంపెనీ రెండో షెడ్డు పని మొదలైందని చెప్పి వచ్చాను. "మంచిదమ్మే, ఇంక మీకు నాతో పని లేదు" అని నవ్వారు.

వాకాడు దగ్గర మా కంపెనీ, రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు తయారుచేస్తుంది. యజమాని ఒకప్పుడు మెకానిక్కు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. బీకాం కాగానే అక్కడ లెక్కలు చూసే ఉద్యోగంలో చేరాను. మా నాయన రొయ్యల గుంటలకు కాపలా ఉంటాడు. మేడమ్ కంపెనీ చట్టం చదివిన మనిషి, మాలాంటి చిన్న కంపెనీల కాగితాలు చూసేవారు. ఆమెకు బస్సు పడేది కాదు. దారంతా నిమ్మకాయ వాసన చూసుకుంటూ వచ్చేవారు. దిగాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఆ తర్వాత ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు.

కొన్నేళ్ళ కిందట ఆర్డర్లు పెరిగి షెడ్డు చాలకుండా పోయింది. పెట్టుబడి కావాలి. బ్యాంకు తాకట్టు అడిగింది. చిన్న కంపెనీలు వాటాలిచ్చి డబ్బు సమకూర్చుకోవడానికి నిబంధనలు సడలించారని చదివి యజమానికి చెప్పాను. ఆయన సంబరపడి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో ప్రకటన చేయిద్దామన్నారు. పెళ్ళిళ్ళు, రక్తదానం, పోయిన తాళాలు, మా ఊళ్ళో అన్నీ అక్కడే ప్రకటిస్తారు. "మన ఊరి కంపెనీలో వాటాలు. కావలసినవారు సోమవారం ఆఫీసుకు రండి" అని నేనే రాసిచ్చాను. పాస్టరు గారు మైకులో చదువుతుంటే గర్వంగా అనిపించింది.

సోమవారం వరండా నిండిపోయింది. మా నాయన కూడా వచ్చాడు. పది మంది కాపలావాళ్ళ డబ్బు కలిపి తువ్వాలులో మూట కట్టి తెచ్చాడు. వాటాలన్నీ తన పేరునే రాయమంటాడు. కాగితాలు మొదలుపెట్టడానికి ఆ రోజే మేడమ్ రావాల్సి ఉంది. వచ్చి జనాన్ని చూశారు.

"ఏందమ్మే ఇది?"

చెప్పాను.

"మైకులో అడిగినావా? కొంప ముంచినావు గదే! ఎవురి దగ్గరన్నా రూపాయి తీసుకున్నారా?"

"ఇంకా లేదు మేడమ్. రసీదు పుస్తకం కోసం మనిషిని పంపినాం."

"అది ఇంకా రాకపోవడమే మీ దేవుడి దయ."

ఇలా వాటాలు ఇవ్వాలంటే ఎవరికిచ్చేదీ ముందే ఎంచుకుని, పేరుపేరునా ఉత్తరం ఇచ్చి అడగాలట. ఊరంతటినీ పిలిస్తే దానికి దారి వేరు, అనుమతులు వేరు. వాటా ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ళ ఖాతా నుంచే రావాలి. నిబంధనలు సడలించారు కదా అన్నాను. "కాగితాలు తగ్గించినారు. జాగ్రత్త తగ్గించమన్లేదు" అన్నారు.

మా నాయన ఊరుకోలేదు. "మా డబ్బు చెల్లదా మేడమ్? పెద్దోళ్ళదైతేనే చెల్లుద్దా?"

"చెల్లుద్దన్నా. ఇది పోతే ఏం తింటావు?"

"ఎందుకు పోద్ది? ఆఫీసులో నా బిడ్డ ఉండాది గదా."

"నీ బిడ్డ లెక్కలు రాస్తది. రొయ్యకు రోగం రాకుండా ఆపుద్దా?"

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. మూట తీసుకుపోయి ఎవరి డబ్బు వాళ్ళకు ఇచ్చేశాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం నేనే మైకు ముందు నిలబడ్డాను. మేడమ్ వెనక బల్ల మీద కూర్చున్నారు. "పోయిన వారం చేసిన ప్రకటన తప్పు. రాసింది నేను. దయచేసి ఎవరూ డబ్బు తేవద్దు." అని చెప్పి దిగాను. బయటికొచ్చాక ఆమె నా భుజం తట్టారు. "తప్పని అట్టా గట్టిగా చెప్పేవాళ్ళకే రేపు డబ్బిస్తారమ్మే."

ఆ ప్రకటన విని వచ్చారనే మాట రాకుండా కొన్ని నెలలు ఆగమన్నారు. తర్వాత, యజమాని బాగా ఎరిగినవాళ్ళు, నష్టమొచ్చినా తట్టుకోగలవాళ్ళు ఏడుగురికి ఉత్తరాలు రాయించారు. 'రొయ్యలకు తెగులు వస్తే మా అమ్మకాలు ఆగిపోవచ్చు' అన్న వాక్యాన్ని నేను చిన్న అక్షరాల్లో పెట్టాను. "సిగ్గా నీకు? పెద్దది చెయ్" అన్నారు. ఏడుగురిలో ఐదుగురు డబ్బు పెట్టారు.

మరుసటి ఏడే తెగులు వచ్చింది. నెలల తరబడి ఒక్క ఆర్డరూ లేదు, రెండో షెడ్డు ఆలోచన వాయిదా పడింది. ఆ ఐదుగురూ ఓపిక పట్టారు. గుంటలు ఎండబెట్టడంతో కాపలావాళ్ళకు పని పోయింది. తిరిగి చేతికొచ్చిన ఆ డబ్బుతోనే ఇళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతూ నాయన అన్నాడు: "ఆయమ్మ ఆ పొద్దు తరిమింది గాబట్టి ఈ పొద్దు తింటా ఉండాం." మళ్ళీ ఆర్డర్లు వచ్చేదాకా నేను ఆ మాట పట్టుకునే ఆఫీసుకు వెళ్ళాను.

దహనం పెన్నా ఒడ్డున జరిగింది. నాయనా, ఆ పది మంది కాపలావాళ్ళూ కంపెనీ వ్యానులో వచ్చారు. మేడమ్ గారి అబ్బాయి వాళ్ళను చూసి, మీరంతా అమ్మకు ఎలా తెలుసని అడిగాడు. "మా డబ్బు వద్దన్నారయ్యా" అన్నాడు నాయన. ఆ అబ్బాయికి అర్థం కాలేదు. అంతా అయ్యాక వాళ్ళు నదిలో మునిగి, చొక్కాలు పిండుకుని వ్యాను కమ్మీలకు కట్టారు. నేను కట్ట మీద నిలబడి చూస్తుండగా వ్యాను కదిలింది. పదకొండు చొక్కాలు గాలికి ఉబ్బుకుంటూ, ఎండలో ఆరుకుంటూ ఊరి దారి పట్టాయి.