నేలచూపుల చిలకలు

ఒక్క మైనస్ గుర్తు మరిచిపోయి ఇరవై నాలుగు చిలకలను నేలకు దించిన ఘనుణ్ణి నేను. వాటితోపాటు మా ఇంట్లో మగ్గం కూడా దిగింది. మీకు నవ్వొస్తే మొహమాటపడకండి. నాకైతే ముందు సిగ్గు, తర్వాత దిగులు, ఎప్పుడో ఆఖర్న నవ్వు వస్తాయి.

మాది ఎమ్మిగనూరు. నాయన చేనేత మనిషి. నేను ఆదోనిలో కంప్యూటర్ కోర్సులో చేరి అప్పటికి మూడు నెలలు. మూడు నెలల చదువంత ప్రమాదం ఇంకోటి లేదండీ. రెండు చుక్కల మధ్య కోణం ఎలా లెక్కకట్టాలో బస్సులో పక్కన కూర్చున్న ఉల్లిగడ్డల రైతుకు కూడా చెప్పాను. పాపం, తన ఊరు రాకముందే దిగిపోయాడాయన.

నాయనకు అప్పటికే చూపు మందగించింది. పని కూడా తగ్గింది.

"ఈ పడుగు అయిపోతే మగ్గం ఇప్పేద్దామనుకుంటాండానప్పా" అన్నాడొకరోజు.

సరిగ్గా ఆ వారమే ఆదోని నుంచి లలితమ్మగారు వచ్చి కూతురి పెళ్లికి చీర చెప్పారు. కొంగు నిండా పైకి పాకే తీగలు, వాటి మీద చిలకలు కావాలి. నచ్చితే చుట్టాలందరి చీరలూ మా దగ్గరే నేయిస్తామన్నారు. నాయన మొహంలో వెలుగు చూసి చాలా రోజులైంది. ఆ చీర కుదిరితే మగ్గం నిలుస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా నేను వేలు పెట్టాను.

"డిజైన్ నేను చేస్తా నాయనా! తీగ మీద ఈడొక చుక్క, ఆడొక చుక్క పెడతా. రెండిటి మధ్య కోణం కంప్యూటర్ లెక్కేస్తాది. చిలక ఆ కోణానికి తిరుగుతాది."

"చిలక చూసేదానికి లెక్క యాలప్పా? పైకి పోయే తీగ మీదుంటే పైకే చూస్తాది."

"నీకు తెలీదులే నాయనా."

ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. అసలు తప్పు ఇదే. మిగతాదంతా లెక్కల తప్పు.

ఆ లెక్కల తప్పూ చెబుతాను. కంప్యూటర్ తెర మీద లెక్క పైనుంచి మొదలై కిందికి పెరుగుతుంది. మగ్గం మీద మొదట నేసిన వరసే బొమ్మకు అడుగు, అక్కణ్ణుంచి పైకి పోతాం. మగ్గానికి బొమ్మ దారి చూపే జాకార్డు అట్టలకు చిల్లులు కొట్టేవాడికి వరసల పట్టిక ఇచ్చేటప్పుడు నేను చుక్కలన్నిటినీ తలకిందులు చేశాను. తీగ బుద్ధిగా పైకి పాకింది. కోణానికి మాత్రం మైనస్ పెట్టి దాన్నీ తిప్పాలన్న సంగతి మరిచాను. తెర మీద బొమ్మ బంగారంలా ఉంది. పట్టికను సరిచూసింది అడ్డంగా సాగే తీగతో. అడ్డ తీగకు కోణం సున్నా. సున్నాకు మైనస్ ఉన్నా లేకున్నా ఒకటే కదా!

కొంగు మొదలుపెట్టిన రోజు నాయన ఫోన్ చేశాడు.

"ఏమప్పా, తీగ పైకి పోతాంది, చిలక కిందికి చూస్తాంది?"

క్లాసులో నా చుట్టూ స్నేహితులున్నారు. ఇంకేం, గొంతు పెంచాను.

"నాయనా, అది కంప్యూటర్ వేసిన లెక్క. తప్పు పోదు. దగ్గర్నుంచి చూస్తే అట్లనే ఉంటాది. నువ్వు నెయ్యి."



"అట్లనా. నీకు తెలుస్తాదిలే" అని పెట్టేశాడు.

తర్వాత ఇరవై మూడు చిలకలు నేశాడు. ఒక్కోటీ తప్పని తెలిసే నేశాడు.

చీర తీసుకోవడానికి లలితమ్మగారు వచ్చిన రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను, మెప్పు పొందడానికి. ఆవిడ కొంగు విప్పి మంచం మీద పరిచారు.

"ఏమప్పా ఇది? సిలకలన్నీ ఎండదెబ్బకు రాలిపోతాండాయే! పెండ్లి సీర మీద ఇదేం అపశకునం?"

నాయనే అన్నాడు:

"నాదే తప్పు తల్లీ. చూపు ఆనలేదు. అట్టలు అటిటుగా కట్టినాను."

నలభై ఏళ్లలో ఒక్క అట్ట తప్పు కట్టని మనిషి! నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను. "తప్పు నాది" అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండూ నా నోట రాలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

ఆవిడ చీర వదిలేసి వెళ్లారు. అమ్మ దాన్ని భుజాన వేసుకుని, కొంగు చివర పైకెత్తి తలకిందులుగా చూసుకుంది.

"ఇట్ల పట్టుకుంటే చిలకలు పైకే చూస్తాండాయి కదప్పా. తీగే దారి తప్పింది" అంది, నన్ను ఓదార్చడానికి.

మరుసటి వారం మగ్గం విప్పారు. నేనూ ఒక చెయ్యి వేశాను.

ఈమధ్యే ధైర్యం చేసి నాయన ఎదుట నిలబడి ప్రమాణం చేశాను. "ఇకమీదట ఏది పైనో, ఏది కిందో నిన్నడక్కుండా ఏ రెండు చుక్కల మధ్యా కోణం కట్టను. నీకు తెలీదు అనే మాట ఈ జన్మలో మళ్లీ అనను. ఆ పొద్దు తప్పు నాది నాయనా."

మగ్గం గుంత పూడ్చిన చోట కుర్చీ వేసుకుని కూర్చున్న ఆయన, తలెత్తి నావైపు చూశాడు.

"అట్లనా. నీకు తెలుస్తాదిలే" అన్నాడు.