రమ్య గ్రాఫు మీద ఎర్ర గీత

సికింద్రాబాద్‌లోని ఒక పాలిటెక్నిక్‌లో నేను పదకొండేళ్లుగా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తున్నాను. ఇది నిరుడు జరిగింది. ఆ రోజు ప్రయోగం ఆప్-ఆంప్ మీద. సిగ్నల్‌ను పెద్దది చేసే ఆ చిన్న చిప్‌కి, ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోతే బలం ఎక్కడ పడిపోతుందో గ్రాఫు గీయాలి.

అందరి గ్రాఫులూ ఒకేలా ఉన్నాయి. సీతాఫల్‌మండి నుంచి వచ్చే రమ్యది మాత్రం ముందే కిందికి వంగింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను.

“క్లాసంతా ఒక తీరు, నీదొక తీరా? చూసి గీయరాదా?” అని అందరి ముందూ కసురుకున్నాను.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ నా వైపే చూస్తూ చెప్పింది. “మేడం, బుక్కుల పదిహేను వోల్టులని ఉంది. ఈ కొత్త పవర్ సప్లైలు ఐదు దాటుతలేవు. నాకు వచ్చిందే రాసిన.”

బీరువాలోంచి పాత సప్లై తీసి పదిహేను పెట్టి చూశాను. గ్రాఫు మిగతావాళ్లదిలా వచ్చింది. ఐదుకి తగ్గించగానే రమ్యదిలా ముందే వంగింది.

“మరి మీ అందరికీ ఐదు వోల్టుల మీద ఆ గ్రాఫు ఎట్ల వచ్చింది?” అని అడిగాను.

వెనక నుంచి ఒకడు మెల్లగా అన్నాడు. “సీనియర్ల రికార్డులల్ల ఉంటది కద మేడం. అందుట్లకెళ్లి దించినం.”

చదువుకునే రోజుల్లో నేనూ అలాగే దించాను. ఎర్ర గీత పక్కనే ‘సారీ’ అని రాసి సంతకం పెట్టాను.

పదకొండేళ్లుగా నేర్పుతున్న ఆ ప్రయోగాన్ని నా చేతులతో నేను చేయడం అదే మొదటిసారి.

— సుజాత, మారేడ్‌పల్లి