మూసినా మిగిలిన విండోలు

పటాన్‌చెరు దగ్గర మా ఫ్యాక్టరీ గేటు పక్కనే లారీలు తూచే కాంటా ఉంది. అక్కడి కంప్యూటర్‌లో లారీ బరువు పెద్ద అంకెల్లో కనబడేలా ఒక చిన్న విండో చేసిపెట్టమన్నారు. సి అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాశాను. మొదటిసారి ఖాళీ విండో తెర మీదికి వచ్చినప్పుడు, ఇల్లు కట్టినంత సంబరపడి క్యాంటీన్‌లో అందరికీ చాయ్ తాగించాను.

కాంటా దగ్గర కూర్చునే అక్కది రుద్రారం. నా విండో పెట్టిన కొద్ది రోజులకే ఆమె కంప్యూటర్ మధ్యాహ్నానికల్లా మొద్దుబారిపోవడం మొదలైంది. గేటు బయట లారీలు బారులు తీరేవి. మేనేజర్ నన్ను కారణం అడిగారు.

"అక్క దాంట్ల సీరియళ్లు చూస్తుందేమో సార్" అని నవ్వాను. నా ప్రోగ్రాం వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఆ మాటతో ఆమెను ప్యాకింగ్‌కు మార్చాలని నిర్ణయించారు. అక్కడ రోజంతా నిలబడే పని. ఆమె మోకాళ్ల నొప్పుల సంగతి నాకు తెలుసు.

మనసు ఊరుకోక, వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. లారీ కాంటా దిగగానే ఆమె విండో మూసేసింది. ఇంకో లారీ ఎక్కగానే మళ్లీ తెరిచింది.

"ప్రతిసారీ ఎందుకు మూస్తున్నవక్కా?"

"పోయిన లారీ లెక్క దీంట్ల ఉంటే ఎట్ల తమ్మీ? కాంటా ఖాళీ అయితే గిదీ ఖాళీ కావాలె."

నేను పరీక్షించినప్పుడు పొద్దున తెరిచి, సాయంత్రం మూసేవాణ్ణి. కంప్యూటర్‌లో ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూశాను. నా ప్రోగ్రాం పేరే, ఒకదాని కింద ఒకటి, తెర నిండా ఉంది. విండో మూస్తే ప్రోగ్రాం కూడా ఆగాలని చెప్పే ఒక్క వాక్యం నేను రాయనేలేదు. ఆమె మూసినవన్నీ కంటికి కనబడకుండా లోపల తిరుగుతూ, కంప్యూటర్‌ను మొద్దుబారుస్తూనే ఉన్నాయి.

మేనేజర్‌కు అంతా చెప్పాను, సీరియళ్ల మాట నా కల్పనేనని కూడా. ఆయన ఆమెను కాంటా దగ్గరే ఉండనివ్వమన్నారు. తిరిగొచ్చి, ఆమె కుర్చీలో కూర్చుని ఆ వాక్యం చేర్చాను.

"తప్పు నాదే అక్కా. సీరియళ్ల మాట కూడ నేనే అన్న."

"ఎరుకే. నీ చాయ్ గొప్పలు గేటు దాకా ఇనవడ్డయి, చాడీలు ఇనవడయా? ఇగ చెప్పు, గిప్పుడన్నా మూస్తే సస్తదా, దయ్యమై తిరుగుతదా?"

మూసి చూపించాను. "ఇంకోసారి" అంది. మళ్లీ చూపించాను. బయట లారీ హారన్ మోగింది.

"జెర లే తమ్మీ," అంది, "నా కుర్చీల కూసున్నవ్."