ఎండ లేదని మోగని సైరన్

రెండేళ్ళ కిందటి ఆగస్టు. సౌదీ అరేబియా దక్షిణాన, అసీర్ కొండల మీద ఒక రోడ్డు పని. రోడ్డు చివర లోయ అంచున ఒక వ్యూ పాయింట్ కడుతున్నారు. అంటే పర్యాటకులు కారు దిగి, రాతి గోడకు ఆనుకుని, లోయకు వీపు పెట్టి తమ ఫోటో తామే తీసుకునే చోటు. ఆ గోడ కట్టేవాళ్ళకు ఒంట్లో బాగోకపోతే చూసే సైటు నర్సును నేను.

మగ నర్సు అనగానే కొందరికి నవ్వొస్తుంది. మా ఇంట్లో అమ్మ నర్సు, ఇద్దరు పిన్నులు నర్సులు. భీమవరం దగ్గర మా చర్చిలో ఎవరైనా "సిస్టర్" అని పిలిస్తే సగం బెంచీలు లేచి నిలబడతాయి. నేను బీకాం చదువుతానంటే ఇంట్లో వారం రోజులు శోకం పాటించారు. చివరికి నేనూ ఆ సగం బెంచీల్లో చేరిపోయాను.

నా ఆస్పత్రి ఒక పోర్టా క్యాబిన్, అంటే లారీ మీద తెచ్చి దించే రేకు గది. అందులో ఒక మంచం, ఒక ఆక్సిజన్ సిలిండర్, ఒక పల్స్ ఆక్సీమీటర్, ఒక నెబ్యులైజర్. ఆక్సీమీటర్ వేలికి తగిలించే క్లిప్పు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. తొంభై అయిదు పైన ఉంటే మంచిది. ఆ ఎత్తులో రెండు మూడు తగ్గినా కంగారు పడం. నెబ్యులైజర్ మందును పొగమంచులా చేసి ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. మందు తక్కువ, చప్పుడు పిండిమర అంత.

ఇక సైరన్ సంగతి. ఈ దేశంలో వేసవి మూడు నెలలూ మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు. మంచి చట్టం. మా సైటులో పన్నెండుకు సైరన్ మోగేది, పనిముట్లు కింద పడేవి, అందరూ మెస్ హాల్లోకి వచ్చి పడుకునేవారు.

ఆ ఆగస్టులో అడవి అంటుకుంది. సౌదీలో అడవి ఉందంటేనే మా అమ్మ నమ్మలేదు. కాలుతోందని చెబితే "ఇసుక ఎలా కాలుద్దిరా" అంది. కానీ ఆ కొండల నిండా అర్‌అర్ చెట్లు. సరుగుడు చెట్టును పొట్టిగా, మొండిగా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. మూడు కొండల అవతల మంట. మొదట్లో అది మాకు సాయంత్రం కాలక్షేపం. తర్వాత ఒక రోజు గాలి మళ్ళింది.

పదింటికి ఆకాశం పసుపు. పదకొండుకు ఆవకాయ నూనె రంగు. సూర్యుడు ఎర్రగా, కళ్ళు చికిలించకుండా చూడగలిగేంత నీరసంగా వేలాడుతున్నాడు. చీకటి పడిందనుకుని రోడ్డు దీపాలు వాటంతటవే వెలిగాయి. రోజూ రొట్టెల కోసం మా మీద దాడిచేసే కొండ కోతులు పిల్లల్ని వీపున వేసుకుని వరుసగా లోయ దిగి వెళ్ళిపోయాయి. వాటికి సైటు ఇంజనీరు లేడు కాబట్టి ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

పదకొండున్నరకు మస్తాన్ వచ్చాడు. కడప మనిషి, నలభై ఎనిమిదేళ్ళు, రాతి మేస్త్రీ. ఆయన పేర్చిన గోడలో వేలు దూరదు. తలకు చుట్టే గుత్రాను తడిపి ముక్కుకు కట్టుకున్నాడు. మాట్లాడటానికి మూడు మాటలకోసారి ఆగుతున్నాడు.

"ఏందబ్బయ్యా ఈ వాసన, దర్గాలో సాంబ్రాణి మాదిరుండాది."

"సాంబ్రాణే మస్తానన్నా. ఈసారి పొగ మనకే వేస్తున్నారు. వేలివ్వు."

ఎనభై ఎనిమిది.

ఆయన జేబులో ఇన్‌హేలర్ ఉందని నాకు తెలుసు. అది అయిపోయిందని ఆయన చెప్పాడు. నెబ్యులైజర్ తగిలించి, ఆక్సిజన్ పెట్టాను. పిండిమర చప్పుడులో ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"ఆస్తమా అని రాయొద్దు సామీ."

ఎందుకో నాకు తెలుసు. అంతకుముందు ఒక వెల్డర్ పేరు పక్కన ఆ మాట రెండుసార్లు పడింది. ఆఫీసువాళ్ళు అతనికి మందు పంపలేదు, ఫైనల్ ఎగ్జిట్ పంపారు. ఇంటికి ఒకవైపు టిక్కెట్టు. మస్తాన్ అకామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఆ నెలాఖరుకు రెన్యూ కావాలి.

"నువ్వు రాస్తే అకామా పోతాది. రాయకపోతే ఊపిరి పోతాది. యాదో ఒకటి పోనీలే అనుకుందామంటే రెండూ నావేనాయె."

"మందు పెట్టినా అంకె తొంభై దాటకపోతే అంబులెన్సులో ఆస్పత్రికి తోసేస్తానన్నా. అకామా సంగతి తర్వాత. ఇప్పుడు మాత్రం కదలకు. పన్నెండుకు సైరన్ మోగుతుంది. అందరూ లోపలికొస్తారు. అందరిలో నువ్వూ ఒకడివి. నీ పేరు ఎవడడుగుతాడు?"

ఆయన అంకె తొంభై మూడుకు వచ్చింది. గోడ గడియారం పన్నెండుకు వచ్చింది. సైరన్ మాత్రం రాలేదు.

పన్నెండు దాటాక మస్తాన్ మాస్కు తీసేసి లేచాడు. "గ్యాంగంతా పనిలో ఉంటే నేనొక్కణ్ణి ఈడ కూసోనుండాననుకో, తెల్లారేసరికి నా పేరు ఆఫీసులో ఉంటాది."

"అయిదు నిమిషాలు ఆగన్నా. అడిగొస్తాను."

సైటు ఇంజనీరుది గుంటూరు. ఆయన క్యాబిన్లో ఏసీ, గాలి శుభ్రం చేసే యంత్రం, కిటికీ సందులకు టేపు. లోపల ఎంత బాగుందంటే నాకు అక్కడే జబ్బు చేద్దామనిపించింది.

"సార్, సైరన్ మోగలేదు."

"మోగదు. రూలేంటి? ఎండలో పని చేయించకూడదు. ఎండేదయ్యా?" అని కిటికీ చూపించాడు. "నీకు అనుమానముంటే ఆ లైట్లనడుగు. పట్టపగలు వెలిగాయి. నీడయ్యా ఇవాళ. దేవుడే పందిరి వేశాడు. పోయిన వారం బకాయి పడ్డ పని ఇవాళ లాగేద్దాం."

నేను వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. వేళాకోళం నా శాఖ కాబట్టి దాన్ని గుర్తుపట్టగలను. ఆయన నిజంగానే అంటున్నాడు.

"ఎండ లేదు సార్. గాలి కూడా లేదు."

"గాలి గురించి రూల్లో ఉందా?"

"లేదు సార్. రాసినవాళ్ళు గాలి ఉంటుందనే అనుకుని ఉంటారు."

"అదిగో, లేదుగా. మాస్కులు పంచు, పో."

ఆయన చెప్పిన మాస్కులు సిమెంటు దుమ్ముకు వాడే పల్చటి గుడ్డ ముక్కలు. వాటితో పొగను ఆపడం దోమతెరతో వాన ఆపడం లాంటిది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ ఉంది. కేకలు వేసే కోపం కాదు. మనుషుల్ని కాపాడటానికి వేసిన రూలును తిరగేసి వాళ్ళ నెత్తినే కొట్టొచ్చని, అదీ నవ్వుతూ కొట్టొచ్చని కళ్ళారా చూసిన కోపం.

బయటికొచ్చి నా క్యాబిన్ వైపు చూశాను. మస్తాన్ ఆగలేదు. గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎర్ర వెలుగులో రాయి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు, గోడకు నుదురు ఆనించి నిలబడుతున్నాడు.

ఆయన్ని ఒక్కణ్ణే పని మాన్పిస్తే రోగి ఆయనొక్కడే అవుతాడు. నాకున్న అధికారం ఒక్కటే: జబ్బు చేసిందన్న మనిషిని నర్సు చూసి పంపేదాకా పనిలో పెట్టకూడదు. అది కంపెనీ రూలే. రూళ్ళతో ఆడుకునే రోజైతే నేనూ ఆడగలను.

ఫోర్‌మన్ ఖాన్ సాబ్ పెషావర్ వైపు మనిషి. ఆయన కళ్ళు అప్పటికే మిరపకాయలు. దగ్గరికెళ్ళి అడిగాను.

"ఖాన్ సాబ్, మీ వాళ్ళలో దగ్గు ఎవరికుంది?"

ఆయన దగ్గాడు. దగ్గడం అయ్యాక గ్యాంగు వైపు చూశాడు. నలభై మంది. ఒక్కడు దగ్గకుండా లేడు. నా మొహం చూశాడు, ఇంజనీరు క్యాబిన్ వైపు చూశాడు, అర్థమైంది. ఈల వేశాడు.

"చలో భాయ్! సబ్ బీమార్ హో జావో!"

అందరూ జబ్బుపడాలట. ఎవరూ నటించాల్సిన పని పడలేదు.

మెస్ హాలు తలుపులు మూయించాను. తలుపు సందుల్లో తడి గోనెలు దోపించాను. ఏసీ బయటి గాలి లాగకుండా మార్పించాను. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూడటం మొదలుపెట్టాను. నాడి, బీపీ, జ్వరం, వేలికి క్లిప్పు, స్టెతస్కోపుతో ముందూ వెనకా. చదువుకునే రోజుల్లో కూడా అంత శ్రద్ధగా ఎవరినీ చూడలేదు. మస్తాన్‌ను ఇద్దరు రెక్కలు పట్టుకుని తెచ్చారు. ఎనభై తొమ్మిది. నెబ్యులైజర్ క్యాబిన్ నుంచి తెప్పించి, మళ్ళీ మందు పెట్టి, అంబులెన్సు డ్రైవర్‌ను తలుపు దగ్గరే ఉంచాను.

ఇంజనీరు వచ్చేసరికి ఆరో మనిషి బీపీ చూస్తున్నాను.

"ఏంటిది? స్ట్రైకా? ఈ దేశంలో స్ట్రైకంటే ఏమవుద్దో తెలుసా నీకు?"

"స్ట్రైక్ కాదు సార్, ఓపీ."

"నలభై మందికీ ఒకేసారి రోగమొచ్చిందా?"

"ఒకే గాలి పీల్చారు సార్. వేరే గాలి మీ దగ్గరే ఉంది."

ఖాన్ సాబ్‌కు తెలుగు రాదు. అయినా సరైన చోటే దగ్గాడు.

"ఎంతసేపు పడుద్ది?"

"సరిగ్గా చూస్తే సాయంత్రం దాటుతుంది సార్. సరిగ్గా చూడొద్దంటే కాయితం మీద రాసివ్వండి, ఇప్పుడే పంపేస్తాను."

రాసివ్వలేదు. అలాంటివాళ్ళు నోటితో ఎంతైనా చెబుతారు, పెన్ను మాత్రం తీయరు. బయటికెళ్ళి ఆఫీసుకు ఫోన్ చేశాడు. నా ఉద్యోగం గురించే మాట్లాడాడని గొంతును బట్టి తెలిసింది.

మస్తాన్ అంకె మెల్లగా ఎక్కింది. తొంభై ఒకటి. తొంభై మూడు. పిల్లికూతలు తగ్గాయి. మాస్కులోంచి నన్ను చూసి అన్నాడు, "నా పక్కన ఏం రాస్తావబ్బయ్యా?"

"అందరి పక్కనా రాసిందే. పొగ పీల్చాడు, విశ్రాంతి కావాలి. అబద్ధమా?"

"కాదు. ఇన్నాళ్ళకు మనకూ పదిమందితో పాటు రోగమొచ్చింది," అని కళ్ళతో నవ్వాడు.

మూడింటికి కాస్త ముందు ఆఫీసు నుంచి కబురు వచ్చింది: పని ఆపండి. చప్పట్లు కొట్టబోయాను. కారణం వినేసరికి చేతులు దిగిపోయాయి. రాళ్ళు తెచ్చే టిప్పర్లకు దారి కనబడటం లేదట. ఒకటి డివైడర్‌ను గీసుకుందట. నలభై జతల ఊపిరితిత్తుల వల్ల ఆగని పని ఒక బంపర్ వల్ల ఆగింది. బంపర్‌కు ఇన్సూరెన్స్ ఉంది మరి.

తర్వాతి నెలలో "ప్రతికూల వాతావరణంలో సకాలంలో పని ఆపించినందుకు" ఇంజనీరుకు సేఫ్టీ సర్టిఫికెట్ ఇచ్చారు. గోడకు తగిలించాడు. నాకు హెచ్చరిక, దానితో పాటు బదిలీ ఇచ్చారు. నేనది గోడకు తగిలిద్దామంటే రేకు గదిలో మేకు దిగలేదు.

మస్తాన్ అకామా రెన్యూ అయింది. నేను బయలుదేరే రోజు ఆయనకు మూడు ఇన్‌హేలర్లు కొనిచ్చాను. వెళ్ళిపోయేవాళ్ళు చాక్లెట్లు పంచుతారు, నువ్వేంది ఇట్లా అన్నాడు. చలికాలంలో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "గోడైపోయిందబ్బయ్యా. జనాలు బాగానే వస్తాండారు. కాలిన కొండ కనబడకుండా ఫోటో ఎట్లా తీయాల్నో నన్నే అడుగుతాండారు." మాటకూ మాటకూ మధ్య ఆయన ఊపిరి తీసే చప్పుడు విన్నాను. మెసేజ్ రెండుసార్లు పెట్టుకున్నాను, మాటల కోసం కాదు.

ఇప్పుడు నేను ఇదే దేశంలో ఉత్తరాన, హాయిల్‌లో ఉన్నాను. చుట్టూ గోధుమ పొలాలు, మధ్యలో గోడౌన్లు కట్టే సైటు. ఇక్కడ అడవి లేదు. దుమ్ము తుఫాను వచ్చిన రోజు ఆకాశం అదే ఆవకాయ రంగు. ఆ మధ్యాహ్నం నేర్పినదాన్ని నేను ఎవరికీ ఉపన్యాసంగా చెప్పను. చేరిన మొదటి రోజు సైటు ఇంజనీరు దగ్గరికెళ్ళి ఒక్క ప్రశ్న అడిగాను: "సార్, మధ్యాహ్నం ఎండ లేకపోతే సైరన్ మోగిస్తారా?"

ఆయన పగలబడి నవ్వాడు. "ఎండ లేకపోతే సైరనెందుకయ్యా?"

నేనూ నవ్వాను. క్యాబిన్‌కు తిరిగొచ్చి, రెండో నెబ్యులైజర్ కావాలని ఆఫీసుకు ఇండెంట్ పెట్టాను.